మెగ్గరు చెప్పిన మాట

కంటికి కనబడు అపాయము విషయమున మానవుడు జాగరూకుడై యుండును. నిప్పును చూచి చేయి వెనుకకు తీసికొనును. పామును చూచి తొలగి నడచును. ఏటి పొంగును చూచి ఒడ్డుననే నిలిచిపోవును. కాని కంటికి కనబడక, చెవికి వినబడక, చల్లని ఇనుముపై నిశ్శబ్దముగా కూర్చుండియున్న అపాయము నెట్లు తెలిసికొనవలయును? విద్యుచ్ఛక్తితో పనిచేయువారికి నిత్యము ఎదురగు ప్రశ్న ఇది. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు ఒక చిన్న పరికరమును గూర్చియు, దాని మాటను జవదాటని యొక పనివానిని గూర్చియు తెలిసికొనుట విద్యార్థులకు మేలు చేయును.

రాగితీగ విద్యుత్తునకు బాట వంటిది. ఆ బాటకు ఇరువైపుల గోడలు లేనిచో విద్యుత్తు తన కిష్టమైన చోటికి పోవును. తీగపై తొడిగిన రబ్బరు, పి.వి.సి. తొడుగు, మోటారులోని తీగచుట్టలపై పూసిన వార్నిషు, స్తంభములపై నుండు పింగాణి గిన్నెలు - ఇవియే ఆ గోడలు. శాస్త్రజ్ఞులు వీనిని బంధకములందురు. అయితే ఏ బంధకమును విద్యుత్తును సంపూర్ణముగా ఆపజాలదు. ఎంత గట్టి చెఱువుకట్టకైనను అవతలివైపున కొంత ఊట యుండును. ఊట చెమ్మగా నున్నంతకాలము కట్టకు భయము లేదు. అది ధారగా మాఱిననాడు ఊరి పెద్దలు పలుగు, పార, గంపలతో పరుగెత్తుదురు. అట్లే బంధకము గుండ కూడ రవంత విద్యుత్తు కాఱుచునే యుండును. ఆ కాఱుటను బంధకము ఎంత గట్టిగా అడ్డగించుచున్నదో తెలుపు కొలతకు బంధక నిరోధమని పేరు.

నిరోధమునకు ప్రమాణము ఓము. 1827లో విద్యుత్ ప్రవాహ నియమమును గ్రంథరూపమున ప్రకటించిన జర్మను శాస్త్రజ్ఞుడు జార్జ్ సైమన్ ఓమ్ పేరనే ఈ ప్రమాణ మేర్పడినది. బంధకముల నిరోధము మిక్కిలి యెక్కువ గనుక దానిని ఓములలో లెక్కించుట కష్టము. పది లక్షల ఓములను ఒక మెగా ఓము అందురు. బంధకముల బలమును మెగా ఓములలో చెప్పుట ఆచారము.

ఈ కొలతను పనిచోటనే తీసికొనుటకు వీలైన పరికరమును రూపొందించినవారిలో ముఖ్యుడు సిడ్నీ ఎవర్షెడ్ అను ఆంగ్లేయ ఇంజనీరు. 1903లో ఆ పరికరమునకు 'మెగ్గర్' అను పేరు నమోదయ్యెను. అది ఒక సంస్థ తన వస్తువునకు పెట్టుకొన్న పేరే యైనను, నాటినుండి నేటివరకు పనివారి నోట ఆ జాతి పరికరముల కన్నిటికిని అదియే పేరై నిలిచినది. మన ప్రాంతపు మేస్త్రులు దానిని మెగ్గరు అందురు.

పాతకాలపు మెగ్గరు నల్లని చిన్న పెట్టె. ప్రక్కన ఒక పిడి. పైన అద్దము క్రింద ఒక ముల్లు. రెండు పొడవైన తీగలు. పిడిని నిమిషమునకు సుమారు 160 చుట్ల వేగమున త్రిప్పినచో లోపలనున్న చిన్న జనరేటరు 500 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పుట్టించును. లోపల శాశ్వత అయస్కాంతము నడుమ ఒకే ఇరుసుపై రెండు తీగచుట్ట లుండును. ఒకటి జనరేటరు వోల్టేజిని అనుసరించి ముల్లును ఒకవైపునకు లాగును. రెండవది పరీక్షింపబడు వస్తువు గుండ పోవు ప్రవాహము ననుసరించి ఎదురువైపునకు లాగును. ఈ రెండు లాగుళ్లును సరితూగినచోట ముల్లు నిలుచును. ముల్లు చూపునది ఆ రెంటి నిష్పత్తియే గనుక, చేతివేగము కొంచెము హెచ్చు తగ్గులైనను కొలత మాఱదు. ముల్లును వెనుకకు లాగు స్ప్రింగు అందులో లేదు. కావున పిడి త్రిప్పనపుడు ముల్లు ఎచ్చట నున్నను దానికి అర్థము లేదు. పళ్లెమున ఒక కొసను సున్న, రెండవ కొసను అనంతమును తెలుపు గుర్తు ఉండును.

500 వోల్టు లెందుకు, చిన్న బ్యాటరీతో కొలువరాదా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. బీటలువాఱిన కుండలో రెండు దోసిళ్ల నీరు పోసినచో అది కాఱకపోవచ్చును. అంచువఱకు నింపినపుడే బీట బయటపడును. బంధకమును కూడ అది పనిచేయు వోల్టేజికి తగిన ఒత్తిడితోనే పరీక్షింపవలయును. అందుచేతనే సాధారణ గృహములకును, చిన్న మోటార్లకును 500 వోల్టుల పరీక్ష వాడుకలోనికి వచ్చినది.

ఇక ఆ పనివాని సంగతి.

2009వ సంవత్సరము అక్టోబరు మాసారంభమున తుంగభద్ర, హంద్రి నదులు పొంగి కర్నూలు నగరము నీట మునిగెను. మంత్రాలయము మొదలుకొని నదీతీరమందలి పెక్కు జనపదములకు ఆ వఱద కడగండ్లు తెచ్చిపెట్టెను. అట్టివానిలో ఒక చిన్న గ్రామము కలదు. ఏటి యొడ్డున బావి, బావి ప్రక్క మోటారు గది, అచ్చటినుండి ఊరిలోని ట్యాంకునకు ఇనుపగొట్టము - ఇదియే ఆ యూరి మంచినీటి ఏర్పాటు. వఱద తీసిన తరువాత చూడగా మోటారు గదిలో మోకాలిలోతు బురద మిగిలియుండెను. మోటారు రెండు దినములు నీటిలో నానిపోయెను. దినమునకొకసారి వచ్చు ట్యాంకరు నీరు ఊరికి చాలకుండెను. కొన్నిదినములకు కరెంటు వచ్చినదని తెలియగానే ఊరంతయు బిందెలతో మోటారు గదివద్దకు చేరెను.

ఆ యూరి కరెంటు మేస్త్రికి అప్పటికి అఱువది యేండ్లు. ఖాకీసంచి భుజమున వేసికొని అతడు వచ్చెను. ఎనిమిదవ తరగతి చదువు మనుమడు వెంట నుండెను. మేస్త్రి చేసిన మొదటి పని, మెయిన్ స్విచ్చిని ఆపి, ఫ్యూజులు మూడింటిని ఊడదీసి తన జేబులో వేసికొనుట. "ఇవి నా జేబులో నున్నంతవఱకు ఎవరును పొరపాటున కరెంటు ఇయ్యజాలరు" అని మనుమనితో చెప్పెను. పిమ్మట తీగలలో విద్యుత్తు లేదని నిర్ధారణ చేసికొని, స్టార్టరు నుండి మోటారు తీగలను విడదీసెను. మోటారు కవచముపై ఒకచోట బురదయు, రంగును గీకి ఇనుము కనబడునట్లు చేసెను.

అప్పుడు సంచిలోని మెగ్గరును తీసి సమముగా నున్న రాతిపై నుంచెను. దాని రెండు తీగలను ఒకదానికొకటి తగులకుండ పట్టుకొమ్మని మనుమనికి చెప్పి పిడి త్రిప్పెను. ముల్లు అనంతమునకు పోయెను. రెండింటి కొసలను కలిపి మెల్లగా త్రిప్పెను. ముల్లు సున్నకు వచ్చెను. "మోటారును అడుగుటకు ముందు దీనినే అడుగవలెను. ఇది సరిగా నున్నదని తేలిన తరువాతనే దీని సాక్ష్యము చెల్లును" అనెను. తరువాత ఒక తీగను మోటారు కవచమునకును, రెండవదానిని లోపలి చుట్టకును తగిలించి, ఒక నిమిషము ఎడతెగక త్రిప్పెను. ముల్లు సున్న దగ్గఱనే తారాడెను. కొలత ఒక మెగా ఓములో నూఱవవంతు. అనగా 10,000 ఓములు మాత్రమే.

"నేడు మోటారు వేయుటకు వీలులేదు" అని మేస్త్రి లేచి నిలుచుండెను.

జనములో గగ్గోలు పుట్టెను. ఒక పెద్దరైతు హోల్డరులో బిగించిన బల్బును చూపి యిట్లనెను: "మేస్త్రీ! ఉదయముననే మేము దీనితో పరీక్ష చేసితిమి. ఫేజు తీగకు బల్బు కట్టి, రెండవ కొసను మోటారు చుట్టకు తగిలించితిమి. బల్బు కొంచెమైనను వెలుగలేదు. కరెంటు బయటికి కాఱుచున్నచో వెలుగవలదా? ఊరక మమ్ము భయపెట్టకుము."

చంకలో బిడ్డ నెత్తుకొన్న ఒక యిల్లాలు ముందుకు వచ్చి, "మామా! రెండు దినములనుండి పిల్లలకు ట్యాంకరు నీటిని చెంబులతో కొలిచి పోయుచున్నాము. ఒక్క గంటసేపు నడిపినను చాలును" అని బ్రతిమాలెను.

పెద్దరైతు మాటకు మేస్త్రి చలింపలేదు గాని ఆ యిల్లాలి మాటకు అతని ముఖము వాడిపోయెను. కొంతసేపు మాటాడక నిలిచి, నేలనున్న బొగ్గుముక్కను తీసి మనుమని చేతి కిచ్చెను. "నాయనా! గోడపై లెక్క వేయుము. అందఱును చూతురు."

బాలుడు లెక్క వేసెను. 60 వాట్ల బల్బు 230 వోల్టులవద్ద పూర్తిగా వెలుగుటకు సుమారు 260 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము కావలెను. మోటారు బంధక నిరోధము 10,000 ఓములైనచో దాని గుండ కాఱు ప్రవాహము 230ని 10,000 చేత భాగింపగా వచ్చు 23 మిల్లీ ఆంపియర్లు. అది బల్బునకు కావలసినదానిలో పదవవంతు కూడ కాదు.

"అందువలననే బల్బు వెలుగలేదు" అని మేస్త్రి చెప్పసాగెను. "బల్బునకు చాలనిది మనిషికి ఎక్కువ. ఒక మిల్లీ ఆంపియరు శరీరము గుండ పోయినచో చిమచిమలాడును. పది దాటినచో పట్టుకొన్న పిడికిలి విప్పుకొనుట కష్టమగును. ఇంకను పెరిగినచో ఊపిరి ఆగును, గుండె లయ తప్పును. మోటారు కవచమునకు కట్టిన ఎర్తు తీగ ఏది? వఱద దానిని తెంపుకొని పోయినది. ఈ స్థితిలో స్విచ్చి వేసితిమేని కాఱిన కరెంటు ఈ యినుముపైననే నిలుచును. తడిచేతులతో దీనిని ముట్టువారు ఎవరు? మీరును, మీ పిల్లలును కాదా?"

పెద్దరైతు ఏదో చెప్పబోయెను. మేస్త్రి కంఠము తగ్గించి యిట్లనెను: "ముప్పది యేండ్ల క్రిందట, మఱియొక ఊరిలో, నేనును బల్బునే నమ్మితిని. నా తోడి పనివాడు గొట్టముమీది వాల్వు త్రిప్పుటకు చేయి వేసెను. ఆ చేయి దానిని విడువలేదు. అటుతరువాత నెల జీతములు కూడబెట్టి ఈ పెట్టెను కొంటిని."

ఎవరును మాటాడలేదు. ఆ యిల్లాలు బిందెను చంకకెత్తుకొని వెనుదిరిగెను. ఆమె వెంట ఒక్కరొక్కరుగా అందఱును కదలిరి.

ఆ మధ్యాహ్నముననే పని ప్రారంభమయ్యెను. మోటారు మూతలు విప్పి, చుట్టలలో చేరిన బురదను ట్యాంకరునుండి తెచ్చిన రెండు బిందెల మంచినీటితో కడిగిరి. నీట తడిసినదానిని మఱల నీటితో కడుగుట వింతగా తోచవచ్చును. కాని వఱద నీటిలోని ఒండ్రును, లవణములును చుట్టలపై నిలిచిపోయినచో, ఎండిన తరువాత కూడ అవి గాలిలోని చెమ్మను పీల్చి విద్యుత్తునకు బాట వేయును. కావున మురికిని కడిగిన పిమ్మటనే తడిని ఆఱ్పవలయును. సాయంకాలమువఱకు ఎండలో నుంచి, పిమ్మట మోటారు చెంత పెద్ద బల్బులు వెలిగించి, పైన గోనెసంచులు కప్పి, ఆవిరి పోవుటకు మీద సందు విడిచిరి. ఆ బల్బులకు కరెంటు తెచ్చు తీగను కూడ మేస్త్రి ముందుగా మెగ్గరుతో పరీక్షింపకుండ విడువలేదు. మనుమడు గోడపై వేళను, వేడిని, కొలతను వరుసగా వ్రాయుచుండెను.

ఎండలో ఆఱినపిదప కొలత మెగా ఓములో ఇరువదియవ వంతునకు పెరిగెను. కాని రాత్రియంతయు బల్బుల వేడిమి తగిలిన తరువాత, మఱునాటి యుదయమున చూడగా అది మఱల తగ్గియుండెను. వార్త ఊరిలో ప్రాకెను. "ఆఱబెట్టినకొలది మోటారు చెడిపోవుచున్నది!" అని కొందఱు నవ్విరి. మనుమడు కూడ చిన్నబోయెను.

మేస్త్రి అతనిని దగ్గఱకు పిలిచి, "జ్వరము దిగునపుడు ఒడలు చెమర్చును గదా! దానిని చూచి రోగము హెచ్చినదందుమా?" అనెను. బంధకము వేడెక్కినపుడు దాని నిరోధము సహజముగానే తగ్గును. పది డిగ్రీల వేడిమి హెచ్చినపుడు నిరోధము ఇంచుమించు సగమగునని పనివారి లెక్క. అదియునుగాక లోతున దాగిన చెమ్మ వేడికి కదలి చుట్టలంతటను ప్రాకును. కావున ఆఱబెట్టు మోటారులో కొలత మొదట తగ్గును. కొంతకాలము అట్లే నిలుచును. చెమ్మ బయటికి పోయినకొలది పెరుగసాగును. ఈ క్రమము నెఱుగనివాడు మొదటి తగ్గుదలనే చూచి పని విడిచిపెట్టును.

ఈలోపల మేస్త్రి ఊరివారిని ఊరక కూర్చుండనీయలేదు. మోటారు గది ప్రక్క లోతైన గోయి త్రవ్వించి, గొట్టము దింపించి, చుట్టును బొగ్గును, ఉప్పును వరుసలుగా వేయించి, క్రొత్త ఎర్తు కట్టించెను. బల్బు తెచ్చిన పెద్దరైతే తన బండితో బొగ్గు తోలించెను. మిగిలిన వేళలందు మేస్త్రి వఱద సోకిన ఇండ్లకు పోయి, మెయిన్ ఆపి, బల్బులను, టీవీలను, తక్కిన ఉపకరణములను విడదీయించి, గోడలలోని వైరింగును పరీక్షించెను. కనీసము ఒక మెగా ఓము చూపిన ఇంటికే కరెంటు పెట్టించెను. కొలత చాలని ఇండ్లవారు ఇంకను కొన్ని రాత్రులు లాంతరు వెలుగుననే గడపవలసివచ్చెను. వారు విసుగుకొనిరి, కాని స్విచ్చి వేయలేదు.

మూడవనాడు మోటారు కొలత నిలుకడగా పెరుగసాగెను. నాలుగవనాటి యుదయమున, చుట్టలు ఇంకను వేడిగా నున్నప్పుడే, ముల్లు 3 మెగా ఓములవద్ద నిలిచెను. 415 వోల్టుల మోటారునకు ఒకటిన్నర మెగా ఓము లుండినను సరిపోవును. జనము సంతోషించిరి. మేస్త్రి మాత్రము బల్బు లార్పించి, మోటారు చల్లాఱువఱకు ఆగి, మఱల కొలిచెను. వేడి ముప్పది డిగ్రీలు తగ్గగా కొలత 20 మెగా ఓములు దాటెను. ప్రతి పరీక్ష తరువాతను అతడు చుట్టతీగను కొంతసేపు కవచమునకు తగిలించి యుంచుచుండెను. పరీక్షలో చుట్టలయందు నిలిచిన విద్యుదావేశము పోకున్నచో, విద్యుత్తు లేదని ముట్టుకొన్నవానికి అదియే షాకు కొట్టును. మెగ్గరు పుట్టించు 500 వోల్టులతో పరిహాసము పనికిరాదు. పిల్లలు దానిని ఆటవస్తువుగా నెంచరాదు.

పిమ్మట మేస్త్రి స్టార్టరును, దాని తీగలను కూడ పరీక్షించి, తీగల నన్నిటిని కలిపి, మూతలు బిగించి, జేబులోని ఫ్యూజులను తీసి అమర్చెను. స్టార్టరు నొక్కెను. మోటారు గుఱ్ఱుమని తిరిగెను. అందఱును గొట్టమువైపు పరుగెత్తబోగా చేయి యెత్తి ఆపి, తాను ముందుగా కవచమునకును, గొట్టమునకును టెస్టరు పెట్టి చూచెను. అందలి దీపము వెలుగలేదు. అప్పుడు వెనుదిరిగి, బిడ్డ నెత్తుకొన్న ఆ యిల్లాలిని పేరుపెట్టి పిలిచెను. మొదట బురదనీరు వచ్చెను. కొంతసేపటికి తేటనీరు వచ్చెను. మొదటి బిందె ఆమెదే.

నాటి బాలుడు నేడు ఆ ప్రాంతమున విద్యుత్ పనివాడు. అతని చేతిలోని మెగ్గరునకు పిడి లేదు, ముల్లు లేదు. అరచేతిలో నిముడు ఆ పరికరమున బ్యాటరీలే 500 వోల్టులను సిద్ధము చేయును. మీట నొక్కినంతనే అంకెలు వెలుగును. నిమిషము గడచినదని తానే తెలుపును. పని సులభమైనది గాని క్రమము మాఱలేదు. అతడును మొదట ఫ్యూజులను జేబులో వేసికొనును. తీగలను విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి పరికరమును పరీక్షించును. చివర విద్యుదావేశమును తొలగించిన పిదపనే చేయి వేయును. "ఇంత పరికరముండగా ఇంత చాదస్తమేల?" అని ఎవరైన అడిగినచో నవ్వి ఊరకుండును.

ఆ మోటారు గదికి తరువాత సంక్రాంతికి సున్నము వేయించిరి. కాని బొగ్గుతో వ్రాసిన అంకెలున్న మేర గోడను మాత్రము పెద్దరైతు ముట్టనీయలేదు. అచ్చట మొదట ఒక చిన్న అంకె; దాని క్రింద కొంచెము పెద్దది; దాని క్రింద మఱల తగ్గిన అంకె; అటుపిమ్మట వరుసగా పెరిగిన అంకెలు కలవు. నీటికి వచ్చిన పిల్లలు ఆ వరుసను చదివి, నడుమ ఒకచోట తగ్గినదేమని అడుగుదురు. అడిగినవారికెల్ల ఆ రైతే నిలుచుండి చెప్పును.